కాలి పుండు మానట్లేదా? ముందు లేచి నిలబడండి

కాలి పుళ్లకు కట్లు కట్టడం నా రోజూ పని. వచ్చేవాళ్లలో నూటికి తొంభై మంది బల్ల మీద పడుకుని కాలు చాపుతారు, చూసేవాళ్లు కూడా అలాగే చూసి పంపేస్తారు. మానని పుండు వెనక చాలాసార్లు వెరికోస్ వీన్స్, అంటే కాలిలో ఉబ్బిన నరాలు, ఉంటాయి. అవి పడుకుంటే కనపడవండీ, రక్తం గుండె వైపు జారిపోయి ఉబ్బు అణిగిపోతుంది. కాబట్టి కింద రాసిందేదీ చదవకముందే బట్ట తొడ దాకా పైకి లాగి, మంచి వెలుతురులో రెండు నిమిషాలు నిలబడి, ముందూ వెనకా ఇంకొకరి చేత చూపించుకోండి. ఈ చిన్న పని చెయ్యకుండా నెలల తరబడి ఆయింట్‌మెంట్లు మార్చినవాళ్లని చూసి చూసి విసుగొచ్చింది.

ఇంకో మాట. నరాలు అంటున్నాను గానీ ఇవి సిరలు, రక్తాన్ని గుండెకి తిరిగి తీసుకెళ్లే గొట్టాలు. జనం నరాలే అంటారు, నేనూ అక్కడక్కడా అదే రాస్తాను.

సాయంత్రానికి కాళ్లు బరువు, వాపు, పొద్దున్నకి మామూలే

కారణం సిరల్లోని కవాటాలు. రక్తాన్ని పైకే పోనిచ్చే తలుపులు అవి, సరిగ్గా మూసుకోకపోతే రక్తం కిందకి జారుతుంది. కదలకుండా నిలబడితే చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి సుమారు 80-90 మిల్లీమీటర్లు (బీపీ కొలిచే పాదరసం లెక్కే) ఉంటుంది, నడిస్తే పిక్క కండరం పిండేసి దాన్ని 30 లోపుకి దించుతుంది. కవాటాలు పాడైన కాలిలో ఎంత నడిచినా అంత దిగదు. మిగతా ముప్పులన్నీ, నలుపు, పుండు, ఈ దిగని ఒత్తిడి నుంచే వస్తాయి. ఈ దశలో నడక, కూర్చున్నప్పుడు కాళ్లు ఎత్తులో పెట్టుకోవడం, పొద్దున్నే మంచం దిగకముందే కాలిని ఒత్తి పట్టే బిగుతు సాక్సులు తొడుక్కోవడం ఉపశమనం ఇస్తాయి. పాడైన కవాటాన్ని మాత్రం బాగుచెయ్యవు.

ఉబ్బిన నరం చిట్లి రక్తం చిమ్మితే

కంగారుపడి లేచి నిలబడకండి, కుర్చీలో కూడా కూర్చోకండి. వెంటనే పడుకుని, కాలు గుండె కంటే పైకెత్తి, కారే చోట శుభ్రమైన బట్టతో వేలు పెట్టి గట్టిగా నొక్కి పట్టండి. పైన తాడు బిగించొద్దు. ఆగినా సరే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి, ఆగకపోతే అంబులెన్స్ పిలవండి. నొప్పి లేదు కదా అని తేలిగ్గా తీసుకోకండి, నొప్పి లేకుండానే చాలా రక్తం పోతుంది.

నరం తాడులా గట్టిపడి, ఎర్రగా, ముట్టుకుంటే నొప్పి

పై సిరలో, అంటే చర్మం కిందే ఉండే సిరలో, రక్తం గడ్డకట్టింది. చాలావరకు ప్రమాదం ఉండదు, కానీ గడ్డ గజ్జ వైపు పాకుతుంటే కండరాల మధ్య ఉండే లోతు సిరలోకి దిగొచ్చు, అందుకని స్కాన్ తప్పనిసరి. ఇక ఒక్క కాలే హఠాత్తుగా వాచి పిక్క నొప్పెడితే అది లోతు సిరలో గడ్డ అయ్యుండొచ్చు, ఆ రోజే చూపించాలి. దాంతో పాటు ఆయాసం, ఛాతీ నొప్పి, దగ్గితే రక్తం ఉంటే ఇది చదవడం ఆపి ఎమర్జెన్సీకి వెళ్లండి.

చీలమండ పైన నలుపు, దురద, చర్మం గట్టిపడటం

గజ్జి కాదు, తామర కాదు. ఒత్తిడికి ఎర్ర రక్తకణాలు బయటికి కారి, వాటిలోని ఇనుము చర్మంలో పేరుకుని ఆ రంగు వస్తుంది. కాలు కింది భాగం సన్నబడి, తలకిందులు చేసిన సీసాలా కనపడుతుంటే పుండుకి ఇంకెంతో దూరం లేదని అర్థం. దురదకి స్టెరాయిడ్ క్రీము కొన్నాళ్లు పనిచేస్తుంది, అదే మోసం. నియోమైసిన్ ఉన్న ఆయింట్‌మెంట్లు వద్దు, ఈ చర్మానికి వాటి అలర్జీ తేలిగ్గా వస్తుంది.

లోపలి చీలమండ పైన పుండు, ఎన్ని కట్లు కట్టినా మానదు

నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఒకావిడ ఎనిమిది నెలల పుండుతో వచ్చారు. కాళ్లు కాస్త లావు, నిలబెట్టి చూసినా ఒక్క నరం పైకి తేలలేదు. చేతిలో డాప్లర్ (రక్తం పారే తీరు చూసే స్కాన్) రిపోర్టు, 'నార్మల్' అని. నేనూ నమ్మేశాను. షుగర్ ఉంది కాబట్టి షుగర్ పుండే అనుకుని వారానికి రెండుసార్లు శుభ్రం చేసి కట్టు కట్టి పంపేదాన్ని. కాస్త మానేది, మళ్లీ విచ్చుకునేది. మూడు నెలలయ్యాక ఒకరోజు ఆ రిపోర్టు మొత్తం చదివితే తెలిసింది, ఆ స్కాన్ చేసింది లోతు సిరల్లో గడ్డ ఉందా లేదా అని చూడటానికి, అదీ పడుకోబెట్టి. గడ్డ లేదు, నిజమే. కవాటం లీకవుతోందా అని ఎవరూ చూడనేలేదు! నిలబెట్టి మళ్లీ చేయిస్తే గజ్జ నుంచి కిందిదాకా పెద్ద సిర మొత్తం లీకు.

కాబట్టి మీ దగ్గరున్న రిపోర్టు తీసి చూడండి. 'గడ్డ లేదు' అన్నది 'లీకు లేదు' అన్నదానికి సమానం కాదు. లీకు పరీక్షలో నిలబెట్టి, పిక్క నొక్కి వదిలి, రక్తం వెనక్కి ఎంతసేపు జారుతుందో కొలుస్తారు. పై సిరల్లో అర సెకను, తొడలోనూ మోకాలి వెనకా ఉండే లోతు సిరల్లో ఒక సెకను దాటితే లీకు కింద లెక్క. రిపోర్టులో 'రిఫ్లక్స్' (వెనక్కి జారడం) అన్న మాటా, సెకన్లూ లేకపోతే ఆ పరీక్ష జరగలేదనే అనుకుని మళ్లీ రాయించుకోండి. లావు కాళ్లలో నరం కొవ్వు కింద దాక్కుంటుంది, కంటికి కనపడకపోవడం రుజువు కాదు.

చికిత్సలో రెండు భాగాలు, రెండూ కావాలి. ఒకటి, గట్టిగా ఒత్తి కట్టే కట్టు. దానికి ముందు పాదంలో ధమనుల (గుండె నుంచి రక్తం తెచ్చే గొట్టాల) రక్తప్రసారం కొలవకుండా ఎవరినీ బిగించి కట్టనివ్వకండి. చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే 0.8 కంటే తక్కువ వస్తే పూర్తి బిగింపు పనికిరాదు, కాలికే ముప్పు. షుగర్ ఉన్నవాళ్లలో ధమనులు గట్టిపడి ఈ లెక్క తప్పుగా ఎక్కువ చూపిస్తుంది, 1.3 దాటితే సంతోషించకండి, వేరే పరీక్ష అడగండి. రెండోది, లీకైన సిరని లేజరుతోనో రేడియో ఫ్రీక్వెన్సీతోనో నురగ మందుతోనో మూసెయ్యడం. పుండు మానాక చూద్దాంలే అని వాయిదా వేస్తుంటారు. బ్రిటన్‌లో 450 మందిపై జరిపి 2018లో ప్రచురించిన పరిశోధనలో, కట్టుతో పాటు సిరని త్వరగా మూసినవాళ్లలో సగం మందికి 56 రోజుల్లో పుండు మానింది, వాయిదా వేసినవాళ్లకి అదే 82 రోజులు పట్టింది. యాంటీబయాటిక్స్ అయితే జ్వరం, పాకే ఎర్రదనం, పెరిగే నొప్పి ఉంటేనే. ఊరికే తడిగా ఉందని మింగొద్దు.

ఆవిడకి సిర మూశాక రెండు నెలల్లో పుండు మానింది. సాక్సులు ఇప్పటికీ వేసుకుంటారు, నేను ఫోన్ చేసి అడుగుతుంటాను కాబట్టి.

అరుదైనవి

రెండు కాళ్లూ సమానంగా వాస్తే ముందు బీపీ మాత్రలు చూడండి, ఆమ్లోడిపిన్ ఆ పని చేస్తుంది. తర్వాత గుండె, కిడ్నీ. పుండు కాలి వేళ్ల మీదో పాదం అంచునో ఉండి విపరీతంగా నొప్పెడితే ధమనుల సంగతి. అన్నీ సరిగ్గా చేసినా మూడు నెలల్లో మానకపోయినా, అంచులు పైకి లేచి గడ్డలా పెరుగుతున్నా చిన్న ముక్క తీసి పరీక్షకి పంపించమనండి, పాత పుండులో క్యాన్సర్ రావడం తక్కువే గానీ వస్తుంది.