కొత్త స్కీలకు బైండింగ్‌లు: మన వడ్రంగి షెడ్డులో బిగించుకోవడం

స్కీ మీద బూటుని పట్టి ఉంచి, పడిపోతే వదిలేసే అమరికే బైండింగ్. దాన్ని స్కీకి బిగించడానికి మంచు అక్కర్లేదు. కదలని బల్ల, నిటారుగా దిగే డ్రిల్లు, తొందరపడని మనిషి ఉంటే చాలు. మా రాజోలు వైపు ఈ మూడూ దొరుకుతాయండి. మూడోదానికి మాత్రం కాస్త వెతుక్కోవాలి.

అమెరికా నుంచి సెలవులకొచ్చే బావలు డిస్కౌంట్‌లో వచ్చాయని ఉత్త స్కీలు ఒక పెట్టెలో, బైండింగ్‌లు ఇంకో పెట్టెలో పట్టుకొచ్చేస్తారు. సంక్రాంతి వెళ్లగానే గుల్మార్గ్ ప్రయాణం. అప్పుడు నాకు ఫోన్ వస్తుంది. సాల్ట్‌లేక్ సిటీలో ఉన్న రోజుల్లో ఒక మిత్రుడి స్కీ షాపులో శని, ఆదివారాలు ఈ పని దగ్గరుండి నేర్చుకున్నాను. ఇప్పుడు మా ఊళ్లో నావలు చేసే మేస్త్రి గారి షెడ్డులో చేస్తుంటాను.

ముందు మీ స్కీ ఏ రకమో చూసుకోండి. కొన్నిటికి పైన పట్టాలు ఫ్యాక్టరీలోనే వేసి ఉంటాయి. బైండింగ్‌ని వాటి మీదకి జరిపి లాక్ చేస్తే సరిపోతుంది, డ్రిల్లు పనే లేదు. పైభాగం నున్నగా, మధ్యలో చిన్న గీత మాత్రమే ఉంటే అది ఉత్త స్కీ. ఇక్కడ చెప్పేదంతా దాని గురించే. కొండ ఎక్కడానికి వాడే పిన్ను బైండింగ్‌లు వేరే లెక్క, వాటిని షెడ్డులో ముట్టుకోవద్దు.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇది: కొలతలన్నీ బూటు నుంచే వస్తాయి. "బూట్లు అక్కడ అద్దెకి తీసుకుంటాలే, నువ్వు బిగించెయ్" అన్నవాళ్లని నేను వెనక్కి పంపేస్తాను. బూటు మడమ దగ్గర, పక్కన, మిల్లీమీటర్లలో ఒక అంకె అచ్చు వేసి ఉంటుంది, 306 అనో 315 అనో. అది అడుగు పొడవు. 26.5 లాంటి పాదం సైజుతో దాన్ని కలపకండి. ఒకే సైజు బూట్లకు కంపెనీని బట్టి అడుగు పొడవు మారిపోతుంది. బూటు అడుగు ఏ రకమో కూడా చూడాలి. అంతర్జాతీయ ప్రమాణాల (ఐఎస్ఓ) లెక్కలో, కొండ దిగడానికి వాడే మామూలు ఆల్పైన్ అడుగు ఐఎస్ఓ 5355, నడవడానికి వీలుగా వంపు తిరిగి ఉండే గ్రిప్‌వాక్ అడుగు ఐఎస్ఓ 23223. మీ బూటు రకం బైండింగ్ మీద గానీ దాని పుస్తకంలో గానీ రాసి లేకపోతే ఆ జత కుదరదు. పట్టినట్టే పడుతుంది, వదలాల్సినప్పుడు వదలదు.

బూటు ఊడిపోతే స్కీ జారిపోకుండా ఆపే చేతులు బైండింగ్‌కి ఉంటాయి, అదే బ్రేకు. దాని వెడల్పు కూడా ఇప్పుడే కొలవండి. స్కీ నడుము, అంటే మధ్యలో సన్నగా ఉండే చోట వెడల్పు, 98 మిల్లీమీటర్లయితే 100 బ్రేకు గానీ 110 బ్రేకు గానీ సరిపోతుంది. మరీ వెడల్పుదైతే పక్క స్కీకి తగులుకుంటుంది.

సామాన్లలో కష్టమైనవి రెండే. మొదటిది డ్రిల్లు బిట్టు. ఏ సైజు వాడాలో స్కీ మీదే, బైండింగ్ కూర్చునే చోట, చిన్న అక్షరాల్లో ఉంటుంది. లోపల లోహపు రేకు ఉన్నవాటికి 4.1 × 9, చెక్క మాత్రమే ఉన్నవాటికి 3.5 × 9. మొదటి అంకె బిట్టు లావు, రెండోది లోతు, రెండూ మిల్లీమీటర్లే. వీధి చివరి హార్డ్‌వేర్ షాపులో 4 ఇచ్చి "ఏముందండి, ఒకటే" అంటారు. ఒకటి కాదు. లేత్ వర్క్‌షాపులకు సామాన్లు అమ్మే చోట అడిగితే 4.1 దొరుకుతుంది. రేకు ఉన్న స్కీకి సన్న బిట్టు వాడితే స్క్రూ ఎక్కుతూ రేకుని పైకి లేపేస్తుంది. షాపుల్లో ఆ రంధ్రాలకు 12 ఏబీ ట్యాప్‌తో మరలు కూడా కోస్తారు.

రెండోది స్క్రూడ్రైవర్. బైండింగ్ స్క్రూ తలని దగ్గరగా చూడండి. ప్లస్ గుర్తు మధ్యలో ఇంకో నాలుగు సన్న గీతలు కనిపిస్తాయి. అది పోజిడ్రైవ్, 3వ నంబరు. మనం రోజూ వాడే స్టార్ స్క్రూడ్రైవర్ అందులో జారిపోయి తల అరిగిపోతుంది.

లోతు 9 దాటకుండా ఆపడానికి స్కీ షాపుల్లో ప్రత్యేకమైన బిట్లు ఉంటాయి. ఇక్కడ మేస్త్రి గారు చేసిన ఏర్పాటు నాకు అంతకంటే నచ్చింది. టేకు ముక్క ఒకటి తీసుకుని అదే బిట్టుతో నిలువునా రంధ్రం వేశారు. బిట్టుని అందులోంచి దూర్చి, బిట్టుని పట్టుకునే డ్రిల్లు చక్‌కి టేకు తగిలినప్పుడు బిట్టు మొన సరిగ్గా 9 మిల్లీమీటర్లు బయట ఉండేలా ముక్కని కోశారు. అంతకు మించి దిగమన్నా దిగదు. అడుగు నున్నగా ఉంది కాబట్టి డ్రిల్లు పక్కకి వాలదు కూడా. ముందు పాత మామిడి చెక్క మీద నాలుగైదు రంధ్రాలు వేసి, లోతు కొలిచి, ఆ తర్వాతే స్కీ దగ్గరికి రండి.

స్కీని బల్ల మీద సైకిల్ ట్యూబు ముక్కల మీద పెట్టి బిగించండి. పైన మాస్కింగ్ టేపు వేయండి. మూడు నాలుగు చోట్ల వెడల్పు కొలిచి, సగానికి చుక్క పెట్టి, చుక్కల్ని కలిపితే మధ్యగీత వస్తుంది. తర్వాత అడ్డగీత. స్కీ మీద కంపెనీ పెట్టిన గుర్తు, బూటు పక్కన ఉండే మధ్య గుర్తు ఒకదానికొకటి ఎదురుగా రావాలి. ఒక సెంటీమీటరు ముందుకో వెనక్కో జరిపేవాళ్లున్నారు. మొదటి జతకి కంపెనీ గీతే మంచిది.

మీ బైండింగ్‌కి రంధ్రాలు ఎక్కడ వేయాలో చూపించే కాగితం టెంప్లేట్ నెట్ సెంటర్‌లో ప్రింట్ తీయిస్తే ఒక్క జాగ్రత్త. పేజీకి సరిపడేలా కుదించకుండా నూటికి నూరు శాతం సైజులో రావాలి. టెంప్లేట్ మీద కొలత గీత ఉంటుంది, స్టీలు స్కేలు పెట్టి చూడండి. రెండు మిల్లీమీటర్లు తగ్గినా ఆ కాగితం చించెయ్యండి. సరిపోతే మీ అడుగు పొడవు దగ్గర అమర్చి, అతికించి, పంచ్‌తో గుంటలు పెట్టండి. డ్రిల్లు ఇంకా వద్దు. బైండింగ్‌నే ఆ గుంటల మీద పెట్టి రంధ్రాల్లోంచి తొంగి చూడండి. ఒకసారి వేసిన రంధ్రాన్ని జరపలేం. కొత్తది వేయాలన్నా పాతదానికి సెంటీమీటరు దూరమైనా ఉండాలి.

ముందు వేళ్ల వైపు భాగం, అది కుదిరాకే మడమ భాగం. రంధ్రం అంచున లేచిన పొక్కుని చాకు మొనతో గీకి, పొట్టు ఊదెయ్యండి. ఒక్కో రంధ్రంలో నీళ్లకి తట్టుకునే తెల్ల జిగురు చుక్క వేయండి. ఫెవికాల్ మెరైన్ నాకు సరిపోయింది. జిగురు పని పట్టు కోసం ఒక్కటే కాదు, కరిగిన మంచు నీరు లోపలి చెక్కకి దిగకుండా ఆపడం కూడా. స్క్రూని ముందు పావు చుట్టు వెనక్కి తిప్పి, ఆ తర్వాత ముందుకి తిప్పండి, మర తిన్నగా పడుతుంది. చేత్తోనే. మిషన్‌తో బిగిస్తే చెక్కలో మర చితికిపోతుంది. నాలుగు స్క్రూలనీ ఎదురెదురుగా కొద్దికొద్దిగా లాగండి. వేళ్ల వైపు స్క్రూలు, మడమ వైపు స్క్రూలు ఒకే పొడవు ఉండకపోవచ్చు, కలపకండి.

ఇప్పుడు బూటు ముందు భాగంలో దూర్చి, మడమ మధ్యగీత మీదే ఉందో లేదో చూడండి. ఉంటేనే వెనక రంధ్రాలు. మడమ భాగం బిగించేటప్పుడు బ్రేకు చేతులు అడ్డొస్తాయి, సైకిల్ ట్యూబు రింగు వేసి పైకి కట్టెయ్యండి. మడమ భాగానికి ముందుకీ వెనక్కీ కొంత జరిగే వీలుంటుంది. ఆ జరుగుబాటు మధ్యలో మీ బూటు వచ్చేలా పెడితే, రేపు వేరే బూటు కొన్నా పనికొస్తుంది. జిగురు ఒక రాత్రి ఆరనివ్వండి. ముసురు పట్టిన రోజైతే ఇంకో పూట.

ఆరాక బూటు తొడిగి మడమ నొక్కండి. టక్కున పట్టాలి. వెనక చిన్న కిటికీలో గానీ స్క్రూ తల దగ్గర గానీ ముందుకు నెట్టే ఒత్తిడి చూపించే గుర్తు ఉంటుంది. అది ఎక్కడ ఉండాలో బైండింగ్‌కో తీరు, పుస్తకం చూసి సరిచేయండి. ముందు భాగం ఎత్తు మార్చే వీలున్న బైండింగ్ అయితే బూటు అడుగుకీ కింది జారుడు పలకకీ మధ్య కాగితం పెట్టి లాగండి. కొద్దిగా పట్టి రావాలి, చిరగకూడదు.

ఇక అందరూ అడిగే డిన్ నంబరు. ఎంత బలానికి బూటుని వదలాలో చెప్పే అంకె అది. 1930ల చివర్లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో యాల్మార్ వామ్ అనే నార్వే మనిషి, కాలు విరిగి ఆసుపత్రిలో ఉండగా, వదిలే బైండింగ్ ఆలోచన చేశాడు. బైండింగ్ సరిగ్గా వదిలితే ముంగాలి ఎముక దక్కుతుంది. మోకాలి లిగమెంట్‌కి మాత్రం ఇది పూర్తి కాపలా కాదు.

అంకె తేలేది ఐఎస్ఓ 11088 పట్టికలోంచి. బరువు, ఎత్తు, వయసు, అడుగు పొడవు, స్కీ చేసే తీరు కావాలి. బరువు ఒక వరస, ఎత్తు ఇంకో వరస చూపిస్తే రెండిట్లో తక్కువ అంకె ఉన్న వరస తీసుకుంటారు. యాభై దాటినవాళ్లకీ, తొమ్మిదేళ్లలోపు పిల్లలకీ ఇంకో వరస తగ్గిస్తారు. తీరు మూడు రకాలు: నెమ్మదిగా వెళ్లేవాళ్లు ఒకటి, మధ్యస్థం రెండు, దూకుడు మూడు. మా బావలందరూ మూడే అంటారు. నేను ఒకటే రాస్తాను. బరువు కూడా అరిసెలు తిన్న తర్వాతదే చెప్పాలి, పెళ్లినాటిది కాదు. మీరు పెట్టిన అంకె గుర్తుగానే ఉంచుకుని, వదిలే బలం కొలిచే మిషన్ ఉన్న షాపులో టెక్నీషియన్ చేత పరీక్ష చేయించాకే మంచు మీదకి వెళ్లండి. స్ప్రింగు నిజంగా ఎంతకి వదులుతోందో ఆ మిషన్‌కే తెలుస్తుంది.

మన ఉప్పుగాలికి స్కీ అంచుల ఉక్కు ఊరికే తుప్పు పడుతుంది. తుడిచి, అంచుల మీదకి కూడా వచ్చేలా మైనం పూసి, ప్లాస్టిక్ కవరులో కాకుండా గుడ్డ సంచిలో పెట్టండి. విమానం ఎక్కేవాళ్లు ఆ పోజిడ్రైవ్‌ని చెక్ ఇన్ లగేజీలో వేసుకోండి, చేతి సంచిలో ఉంటే సెక్యూరిటీ దగ్గర లాగేసుకుంటారు.