బౌలింగ్ పాఠాలు – 4: ముందు స్పేర్ బాలే కొనండి

ఇది క్రికెట్ బౌలింగ్ కాదు; లేన్ అనే పొడవాటి నున్నటి దారి మీద బరువైన బాల్ దొర్లించి, చివర నిలబెట్టిన పది పిన్నులు పడగొట్టే ఆట. పోయిన భాగంలో అడుగులు, చేతి ఊపు చూశాం. ఇక బాల్ సంగతి. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు నుంచి విశాఖకో భువనేశ్వర్‌కో ఉద్యోగాలకి వెళ్లి అక్కడ లీగ్‌లో ఆడదామనుకునే మనవాళ్లు ముందు అడిగేది, బాగా తిరిగే బాల్ ఏదని. నా మాట వినండి, మొదట అది వద్దు. ముందు స్పేర్ బాల్ కొనండి, అంటే మొదటి బాల్‌కి మిగిలిన పిన్నుల్ని రెండో బాల్‌తో పడగొట్టడానికి (అదే స్పేర్) వాడేది.

లెక్క చూడండి. గేముకి పది ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో పది పిన్నుల్నీ పడగొట్టడానికి రెండు బాల్స్. ప్రతి ఫ్రేములో 9 పిన్నులు పడగొట్టి మిగిలిన ఒక్కటీ వదిలేస్తే స్కోరు 90. ఆ ఒక్కదాన్నీ ప్రతిసారీ కొట్టి, పదో ఫ్రేము స్పేర్‌కి దక్కే చివరి అదనపు బాల్‌కీ 9 పడగొడితే, ఒక్క స్ట్రైక్ (మొదటి బాల్‌కే పదీ పడటం) లేకుండానే 190. ఎందుకంటే స్పేర్ కొడితే తర్వాతి బాల్‌కి పడ్డ పిన్నులు కూడా ఆ ఫ్రేముకి కలుస్తాయి.

తిరిగే బాల్ పైపొర రియాక్టివ్ రెజిన్. లేన్ మీద పూసిన ఆయిల్ ఉన్నంతసేపు జారుతుంది, పొడి భాగం తగలగానే పట్టు దొరికి మలుపు తీసుకుంటుంది. స్ట్రైక్‌కి అదే కావాలి. కానీ కుడిచేతి వాటం వాళ్లని ఏడిపించేది కుడి మూలన మిగిలే పదో పిన్. మామూలు లేన్‌లో ఆయిల్ మధ్యలో చిక్కగా, అంచుల్లో పలచగా ఉంటుంది కాబట్టి, అరవై అడుగులు వెళ్లి తీరా పిన్ దగ్గరికొచ్చాక బాల్ ఎడమకి లాగేస్తుంది. పైగా గేములు సాగేకొద్దీ ఆయిల్ చెదిరి, మొదట్లో కుదిరిన దారి మూడో గేముకి కుదరదు. పాలిస్టర్ బాల్‌కి, అదే ప్లాస్టిక్ బాల్‌కి, ఈ గొడవ చాలా తక్కువ. ఎడమ వైపు నిలబడి, లేన్‌కి ఏటవాలుగా, తిన్నగా పంపొచ్చు.

ఆడే చోట రాక్‌లో అందరికీ పెట్టే బాల్స్ కూడా ఎక్కువగా పాలిస్టర్‌వే, అంటే కొనేదాకా ఆగక్కర్లేదు. చేతికి సరిపోయేది వెతుక్కోవడమే అసలు పని. బొటనవేలు పూర్తిగా లోపల పెట్టి, మధ్యవేలూ ఉంగరపు వేలూ రంధ్రాల మీద చాచండి. రెండో కణుపు గీత, రంధ్రానికి బొటనవేలి వైపున్న అంచుని కొంచెం దాటాలి. బొటనవేలు తిప్పితే గోడలకి రాసుకుంటూ తిరగాలి, బిగుసుకోకూడదు. గట్టిగా నొక్కిపడితేనే నిలిచే బాల్ అసలు వద్దు. ఉక్కకి ఆట మధ్యలో వేలు ఉబ్బుతుంది, అందుకే రెండు మూడు ఫ్రేములు ఆడాక మళ్లీ చూసుకోండి.

బరువుకి పైహద్దు 16 పౌండ్లు, సుమారు 7.26 కిలోలు. అంత అక్కర్లేదు. ఊపులో భుజం కుంగినా, మణికట్టు వెనక్కి విరిగినా ఒక పౌండు దిగండి.

కొన్నాక ఎండలో కారు డిక్కీలో మాత్రం వదలకండి, వేడికి పగలొచ్చు.

వచ్చే భాగంలోపు ఒక గేము మొత్తం పదో పిన్‌కే గురిపెట్టి ఆడండి, ఎడమచేతి వాటమైతే ఎడమ మూలనుండే ఏడో పిన్‌కి. తప్పిన ప్రతి బాల్ పిన్‌కి ఏ పక్కగా పోయిందో, లేన్ పక్కనున్న గాడిలో (గటర్) పడిందో రాసుకోండి. ఆ కాగితం చూసి నిలబడే చోటు ఎంత జరపాలో లెక్కేద్దాం.