స్కాట్లాండ్ 'ఫారిన్' ఖర్చు లెక్కలు చూడ్డం ఎలా, అడగడం ఎలా

ఒక వీకెండ్ మా ఇంట్లో పది మందిమి పోగయ్యాం, బిర్యానీ అయ్యాక కబుర్లలో ఒకాయన అందుకున్నాడు, ఫారిన్ వ్యవహారాలన్నీ లండన్ చేతిలో ఉన్నప్పుడు ఎడింబర్గ్‌లో ఉన్న స్కాట్లాండ్ గవర్నమెంటుకి బీజింగ్‌లో ఆఫీసెందుకండీ, మన టాక్స్ డబ్బులు దండగ కాకపోతే అని. ఇంకొకాయనేమో అబ్బే అదంతా చిల్లర, వదిలేయ్ అన్నాడు. ఇద్దరికీ అసలు అంకె తెలీదు. నిజం చెప్పాలంటే నాకూ తెలీదు. ఆ తర్వాత కూర్చుని వెతికితే తెలిసిందేంటంటే, ఆ లెక్కలు చూడ్డానికి, వాటి మీద పార్లమెంటు కమిటీకి మన మాట చెప్పడానికి దారి శుభ్రంగా తెరిచే ఉంది, మనమే అటు వెళ్ళట్లేదు. ఎలాగో రాస్తున్నా, ఇక్కడుండే తెలుగువాళ్ళకి పనికొస్తుందని.

ముందు ఒక మాట. ఇండియన్ పాస్‌పోర్ట్ అయినా సరే వీసా ఉండి, స్కాట్లాండ్‌లో ఉంటూ, 16 దాటితే స్కాటిష్ పార్లమెంటుకి ఓటేయొచ్చు. కామన్వెల్త్ పౌరులకి ఇది ముందునుంచే ఉంది, 2020 చట్టం వచ్చాక మిగతా దేశాలవాళ్ళకి కూడా ఇచ్చారు. స్టూడెంట్ వీసా మీద వచ్చిన పిల్లలకి కూడా ఉందని చెప్తే చాలామంది నమ్మరు. ఇంకో సంగతి, కమిటీకి అభిప్రాయం పంపడానికి ఓటు కూడా అక్కర్లేదు, ఎవరైనా పంపొచ్చు.

ఇప్పుడు మొదటి పని, చట్టంలో ఏముందో చూస్కోండి. 1998 స్కాట్లాండ్ యాక్ట్‌లో ఐదో షెడ్యూల్ అని ఒకటుంది, లండన్ తన దగ్గర ఉంచుకున్న సబ్జెక్టులన్నీ అందులో ఉంటాయి, విదేశీ సంబంధాలు, అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ, బయటి దేశాలకి అభివృద్ధి సాయం, ఇవన్నీ అక్కడే. మరి ఎడింబర్గ్ ఏం చేస్తోంది అంటే అదే షెడ్యూల్‌లో రెండు మినహాయింపులున్నాయి, అంతర్జాతీయ ఒప్పందాల్ని తన పరిధిలో అమలు చేయడం, యూకే మంత్రులకి ఈ విషయాల్లో సాయం చేయడం. ఆ సందులోంచే సగం కథ నడుస్తోంది. మిగతా సగం వాదన ఏంటంటే చదువు, కళలు, పర్యావరణం లాంటివి మా చేతిలో ఉన్నాయి కాబట్టి వాటి గురించి బయట మాట్లాడుకోవడం కూడా మా పనే అని. ఈ వాదన వీళ్ళు కనిపెట్టింది కాదు, 1965లోనే కెనడాలోని క్యూబెక్ రాష్ట్ర మంత్రి పాల్ జెరాన్-లజ్వా ఇదే మాట అన్నాడు. కాకపోతే కమిటీలో ఎవరైనా బెల్జియంలో ఫ్లాండర్స్‌ని చూడండి అంటే కొంచెం జాగ్రత్త, ఫ్లాండర్స్‌కి ఆ అధికారం వాళ్ళ రాజ్యాంగమే ఇచ్చింది, స్కాట్లాండ్‌కి ఎవరూ అలా రాసివ్వలేదు, రెండూ ఒక గాటన కట్టకూడదు.

రెండో పని, డబ్బు ఎటెటు పోతుందో పట్టుకోవడం. మెయిన్‌గా కనబడేవి ఆఫీసులు: బీజింగ్, బెర్లిన్, బ్రసెల్స్, కోపెన్‌హేగన్, డబ్లిన్, ఒట్టావా, పారిస్, వాషింగ్టన్, వీటికి తోడు లండన్‌లో ఒకటి. కోపెన్‌హేగన్‌ది 2022లో తెరిచారు. ఆ తర్వాత డెవలప్‌మెంట్ ఫండ్, 2005లో జాక్ మెక్‌కానెల్ ఫస్ట్ మినిస్టర్‌గా, అంటే ఇక్కడి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఆఫ్రికాలోని మలావీతో ఒప్పందంతో మొదలైంది. ఎందుకు మలావీయే అంటే, ఆఫ్రికాలో తిరిగిన మిషనరీ డేవిడ్ లివింగ్‌స్టన్ పుట్టింది గ్లాస్గో దగ్గర బ్లాంటైర్‌లో, మలావీలో పెద్ద సిటీ పేరు కూడా బ్లాంటైరే, చర్చిలు స్కూళ్ళ మధ్య ఆ చుట్టరికం వందేళ్ళ పైమాటే. మలావీ కాక రువాండా, జాంబియా, పాకిస్తాన్ కూడా పార్ట్‌నర్ దేశాలు. ఈ ఫండ్‌ని ఏడాదికి 10 మిలియన్ పౌండ్ల నుంచి 15 మిలియన్లకి పెంచుతామని 2021 ఎన్నికలప్పుడు అప్పటి అధికార పార్టీ ఎస్‌ఎన్‌పీ (స్కాటిష్ నేషనల్ పార్టీ) మాటిచ్చింది. ఇదొక్కటి గుర్తుపెట్టుకున్నా చాలు, ప్రతి బడ్జెట్‌లో ఆ లైన్ తీసి ఎక్కడిదాకా వచ్చిందో చూడొచ్చు, మాటకి లెక్కకి మధ్య దూరం కొలవడానికి ఇంతకంటే తేలికైన చోటు లేదు.

మొత్తం ఎంత అనేగా? స్కాటిష్ బడ్జెట్ మొత్తం 60 బిలియన్ పౌండ్ల పైనే, అందులో ఈ ఎక్స్‌టర్నల్ అఫైర్స్ అని రాసుకున్న భాగం వెయ్యిలో ఒక వంతు కూడా రాదు. కాబట్టి మా ఇంట్లో ఆ రెండో ఆయన అన్నది సగం కరెక్టే. సగమే ఎందుకంటే, నేతిబీరకాయలో నెయ్యి ఉండనట్టు ఆ పేరున్న పద్దులో బయటి ఖర్చంతా ఉండదు. పెట్టుబడులు, ఎగుమతులు చూసే స్కాటిష్ డెవలప్‌మెంట్ ఇంటర్నేషనల్ ఉంది చూశారూ, దానికి ప్రపంచంలో ఈ ప్రభుత్వ ఆఫీసులకంటే ఎక్కువ ఆఫీసులున్నాయి, అది స్కాటిష్ ఎంటర్‌ప్రైజ్ లెక్కల్లోకి వెళ్తుంది. టూరిజం ప్రచారం విజిట్‌స్కాట్లాండ్ లెక్క. క్లైమేట్ జస్టిస్ ఫండ్ 2012లో పెట్టారు, గ్లాస్గోలో కాప్26 (ఐరాస వాతావరణ సదస్సు) జరిగినప్పుడు పార్లమెంటు కాలం మొత్తానికి 36 మిలియన్లు అన్నారు, అది వాతావరణం చూసే శాఖ కింద ఉంటుంది. బయట దేశాల పని తలా ఒక శాఖలో తలా ఒక ముక్క. అందుకే 'ఎంత ఖర్చు పెడుతున్నారు' అని అడిగితే ఒక అంకె వస్తుంది, 'ఏయే శాఖల్లో ఎంతెంత' అని అడిగితేనే అసలు అంకె వస్తుంది.

మన దగ్గర మాత్రం తక్కువా, 2025 జనవరిలో రేవంత్ రెడ్డి, చంద్రబాబు ఇద్దరూ దావోస్ వెళ్తే ఎవరెంత తెచ్చారని వాట్సాప్ గ్రూపులు కొట్టుకు చచ్చాయి, ఖర్చు ఏ పద్దు కింద రాశారని అడిగినవాడు నాకైతే ఒక్కడు కనబడలేదు.

సరే, అంకె ఎక్కడ దొరుకుతుంది. బడ్జెట్ రోజు స్కాటిష్ గవర్నమెంట్ సైట్‌లో లావుపాటి డాక్యుమెంట్ పెడతారు, దాన్ని చదివి అలిసిపోకండి. దాంతోపాటు లెవెల్ 4 అని ఎక్సెల్ షీట్లు వస్తాయి, లెవెల్ 1 అంటే శాఖ మొత్తం, కిందికి దిగేకొద్దీ ముక్కలవుతుంది, 4 అంటే అన్నిటికంటే సన్నటి లైన్లు. అది డౌన్‌లోడ్ చేసుకుని కాన్‌స్టిట్యూషన్, ఎక్స్‌టర్నల్ అఫైర్స్, కల్చర్ అనే పోర్ట్‌ఫోలియోకి ఫిల్టర్ పెట్టండి. ఇక్కడే నేను మొదటిసారి బోల్తాపడ్డా. పక్కపక్కన రెండు కాలమ్‌లు చూసి ఆహా ఇంత పెంచారా అనుకుని ఫ్రెండ్స్‌కి మెసేజ్ కూడా కొట్టేశా, తీరా చూస్తే పాత ఏడాది కాలమ్ ఫిబ్రవరిలో పాసైన బడ్జెట్టా, లేక మధ్యలో సవరించినదా అనేది చూస్కోలేదు. ఇక్కడ ఏడాది మధ్యలో రెండుసార్లు సవరిస్తారు, శరదృతువులో ఒకటి, వసంతానికి ముందు ఒకటి, ఒక శాఖ నుంచి ఇంకో శాఖకి డబ్బు అప్పుడే మారుతుంది. పాసైనదాన్ని పాసైనదానితోనే పోల్చండి, సవరించినదాన్ని సవరించినదానితో. ధరలు పెరిగాక అదే 10 మిలియన్లు అదే 10 మిలియన్లు కావన్నది సరేసరి, రేట్ల తేడా తీసేసి చూపించే టేబుళ్ళు పార్లమెంటు రీసెర్చ్ వాళ్ళు, స్పైస్ అంటారు, వాళ్ళు వేస్తారు. పార్టీల గోల లేకుండా ఉంటాయి, ముందు అవే చదవమంటా.

ఇప్పుడు అసలు సంగతి, టైమింగ్. మనవాళ్ళు ఎక్కువమంది బడ్జెట్ రోజు టీవీ ముందు కూర్చుని తిడతారు, అది చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఎందుకంటే బడ్జెట్ బిల్లుకి సవరణలు పెట్టే హక్కు ప్రభుత్వానికి మాత్రమే ఉంది, మామూలు ఎమ్మెస్పీ (స్కాటిష్ పార్లమెంటు సభ్యుడు) ఒక్క లైన్ కూడా మార్చలేడు, బిల్లు మొత్తానికి అవునో కాదో చెప్పాలంతే. మరి మారేది ఎప్పుడు? 2017లో ఒక రివ్యూ గ్రూప్ చెప్పిన దాన్నిబట్టి పద్ధతి మార్చారు, ఇప్పుడు కమిటీలు ఏడాది పొడవునా చూడాలి, బడ్జెట్‌కి కనీసం ఆరు వారాల ముందే ప్రభుత్వానికి తమ సిఫార్సులు పంపాలి, ప్రభుత్వం దానికి జవాబివ్వాలి. కాబట్టి ఎండాకాలం వచ్చిందంటే కమిటీ పేజీలో 'కాల్ ఫర్ వ్యూస్', అంటే అభిప్రాయాలు పంపమనే పిలుపు కోసం కాపు కాయండి, మామూలుగా సెలవులకి ముందో సెలవుల్లోనో తెరుస్తారు, సెప్టెంబర్ దాకా టైమ్ ఉంటుంది. బడ్జెట్ తేదీ మాత్రం లండన్ బడ్జెట్‌ని బట్టి అటూ ఇటూ అవుతుంది, 2025-26ది 2024 డిసెంబర్ 4న వచ్చింది, ఆ తర్వాతది 2026 జనవరి 13కి జరిగింది.

2021 నుంచి 26 దాకా నడిచిన పార్లమెంటులో ఈ పని చూసిన కమిటీ పేరు కాన్‌స్టిట్యూషన్, యూరప్, ఎక్స్‌టర్నల్ అఫైర్స్ అండ్ కల్చర్, కన్వీనర్ క్లేర్ ఆడమ్‌సన్, ఎదురుగా కూర్చుని జవాబు చెప్పింది మంత్రి ఆంగస్ రాబర్ట్‌సన్. ప్రతి ఎన్నిక తర్వాత పేరు మారుస్తారు, అంతకుముందు టూరిజం కూడా ఉండేది, కాబట్టి పేరు పట్టుకుని వెతక్కండి, 'ఎక్స్‌టర్నల్' అన్న మాట ఎక్కడుందో చూడండి. నా కంప్లైంట్ ఒకటి చెప్తా, ఆ పొడుగు పేరులో చివరున్న కల్చరే వాళ్ళ బడ్జెట్ టైమంతా తినేస్తుంది. థియేటర్లు, మ్యూజియంలు, కళలకి డబ్బులిచ్చే క్రియేటివ్ స్కాట్లాండ్ సంస్థ డబ్బుల గొడవ, 2023లో కల్చర్‌కి ఐదేళ్ళలో ఏడాదికి ఇంకో 100 మిలియన్లు ఇస్తామన్న మాట, ఇవన్నీ నిజంగానే పెద్ద విషయాలు, ఆకలితో ఉన్నవాళ్ళు గట్టిగా అడుగుతారు. కోపెన్‌హేగన్ ఆఫీసు తరఫున గానీ, దానికి వ్యతిరేకంగా గానీ హాలీరుడ్ (పార్లమెంటు భవనం) ముందు ప్లకార్డు పట్టుకునేవాడెవడూ ఉండడు. అందుకే బయటినుంచి వచ్చే నాలుగు మంచి ప్రశ్నలకి ఇక్కడ బరువెక్కువ.

మంచి ప్రశ్న అంటే ఏంటి. 'దండగ కదా' అనేది ప్రశ్న కాదు, టోరీలు (కన్జర్వేటివ్ పార్టీవాళ్ళు) ఎప్పట్నుంచో అంటున్నదే, మంత్రికి జవాబు బట్టీ వచ్చేసి ఉంటుంది. ఇలా రాయండి: ఫలానా ఆఫీసు పోయినేడాది ఎన్ని మీటింగులు పెట్టింది అని కాదు, ఆ మీటింగుల వల్ల ఏం జరిగింది, అది అదే ఊళ్ళో ఉన్న బ్రిటిష్ ఎంబసీ వల్లో డెవలప్‌మెంట్ ఇంటర్నేషనల్ వల్లో కాకుండా వీళ్ళ వల్లే అయిందని ఎలా చెప్తారు. 2024 జనవరిలో అంతర్జాతీయ వ్యూహం అని ఒకటి విడుదల చేశారు, అందులో చెప్పిన ప్రాధాన్యాలకీ ఆఫీసులున్న ఊళ్ళకీ పొంతన ఉందా. ఇండియా నుంచి ఇంతమంది స్టూడెంట్లు వస్తుంటే పై లిస్టులో ఇండియాలో ఒక్క ఆఫీసూ ఎందుకు లేదు, ఇది మాత్రం మనమే అడగాలి, వేరేవాళ్ళు అడగరు.

ఇంకోటి, రిస్క్ గురించి అడగండి. బీజింగ్, వాషింగ్టన్ ఆఫీసులు బ్రిటిష్ ఎంబసీ ఆవరణలోనే ఉన్నాయి. 2023 ఏప్రిల్‌లో అప్పటి యూకే ఫారిన్ సెక్రటరీ (విదేశాంగ మంత్రి) జేమ్స్ క్లెవర్లీ, స్కాటిష్ మంత్రుల మీటింగుల్లో యూకే అధికారి ఉండేలా చూడమని తన రాయబారులకి చెప్పాడు. అదే ఏడాది డిసెంబర్‌లో, అప్పటి ఫస్ట్ మినిస్టర్ హమ్జా యూసఫ్ దుబాయ్ కాప్28లో టర్కీ అధ్యక్షుడు ఎర్డోగాన్‌ని యూకే అధికారి లేకుండా కలిశాడని, అప్పటికి ఫారిన్ సెక్రటరీ అయిన డేవిడ్ కామెరాన్ రాబర్ట్‌సన్‌కి లెటర్ రాశాడు, ఇలాగైతే మా సాయం ఆపేయాల్సొస్తుంది, మా ఆఫీసుల్లో మీ ఆఫీసులు ఉండటం గురించి కూడా ఆలోచించాల్సొస్తుంది అని. రాజకీయం సంగతి పక్కనపెడితే ఇది పక్కా బడ్జెట్ ప్రశ్న: రేపు ఖాళీ చేయమంటే అద్దె ఎంతవుతుంది, ఎవరైనా లెక్కేశారా?

రాసేటప్పుడు రెండు పేజీలు దాటించొద్దు. అంకె చెప్తే లెవెల్ 4లో ఏ లైనో కూడా చెప్పండి, క్లర్కులు వెతుక్కునే పని లేకుండా. పంపాక ఊరుకోకుండా సెషన్ చూడండి, పార్లమెంటు టీవీలో లైవ్ వస్తుంది, ఆ కమిటీ మామూలుగా గురువారం పొద్దున్నే కూర్చునేది, కావాలంటే వెళ్ళి గ్యాలరీలో కూడా కూర్చోవచ్చు, ఫ్రీయే. తర్వాత కమిటీ పంపిన లెటర్, ప్రభుత్వం ఇచ్చిన జవాబు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి, 'గమనించాం' అని రాసి వదిలేసిన పాయింట్లు ఎర్రపెన్నుతో గీసుకుంటే అవే వచ్చే ఏడాది ప్రశ్నలు.

బిల్లు ఓటింగ్ దగ్గర బేరాలన్నీ బయటే అయిపోతాయి, 2025 ఫిబ్రవరి 25న పాసైనప్పుడు గ్రీన్స్, లిబరల్ డెమోక్రాట్లు అనుకూలంగా ఓటేశారు, లేబర్ ఓటేయకుండా ఊరుకుంది, ఆ బేరాల్లో ఎక్స్‌టర్నల్ అఫైర్స్ ఊసు ఎవరెత్తుతారు.

ఇంకా అంకె దొరక్కపోతే రెండు దార్లు. ఎమ్మెస్పీలు మంత్రుల్ని రాతపూర్వకంగా అడిగిన ప్రశ్నలు పార్లమెంటు సైట్‌లో వెతకొచ్చు, 'ఓవర్‌సీస్ ఆఫీసెస్' అని కొడితే ఖర్చుల మీద కుప్పలుగా ఉంటాయి, మీ ప్రశ్నకి జవాబు ఇప్పటికే అక్కడ ఉండే ఛాన్స్ ఎక్కువ. లేకపోతే 2002 సమాచార స్వేచ్ఛ చట్టం కింద మెయిల్ పెట్టండి, మన ఆర్టీఐ లాంటిదే, 20 పనిదినాల్లో జవాబివ్వాలి. ఒక్క ఆఫీసు, ఒక్క ఏడాది, జీతాలు వేరుగా అద్దె వేరుగా అని అడగండి. 'విదేశీ ఖర్చులన్నీ ఇవ్వండి' అంటే వెతకడానికి అయ్యే ఖర్చు పరిమితి దాటిందని తిప్పి పంపేస్తారు, మా ఇంట్లో మొదట లేచిన ఆయనకి వచ్చిన జవాబు సరిగ్గా అదే.