పండక్కి ఊరెళ్తున్నారా? గ్యాస్ బండ విషయంలో ఈ జాగ్రత్తలు తీసుకోండి

ఈ మధ్య పేపర్లో మళ్లీ అదే వార్త. ఊరెళ్లిన కుటుంబం రాత్రిపూట తిరిగొచ్చింది, తాళం తీసింది, లైటు వేసింది, ఇల్లంతా ఒక్కసారిగా మంటలు. ఇలాంటి వార్తల్లో ఊరి పేరు మారుతుంది, జరిగే తీరు మారదు. స్టవ్‌లు బాగుచేసే పని కాబట్టి అలా కాలిన వంటిళ్లను తర్వాత చూడాల్సి వచ్చింది. గోడ కూలిన ఇంట్లో కూడా గ్యాస్ బండ చెక్కుచెదరకుండా నిలబడి ఉంటుంది. అక్కడ పేలింది గదిలో నిండిన గ్యాస్.

సంక్రాంతికి హైదరాబాద్‌లో కాలనీలకు కాలనీలే తాళాలు వేసుకుని ఊళ్లకు వెళ్తాయి. చలికి కిటికీలన్నీ బిగించి మరీ వెళ్తారు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

కొంగు జాగ్రత్త, పిల్లల్ని పొయ్యి దగ్గరికి రానివ్వొద్దు లాంటివి మీకు తెలిసినవే. నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఒక్కటే. గ్యాస్ వాసన వస్తే స్విచ్ మీద చెయ్యి వెయ్యొద్దు.

లైటు వెయ్యొద్దు. వెలుగుతున్న లైటు ఆర్పొద్దు కూడా. స్విచ్ లోపలి రెండు లోహపు ముక్కలు కలిసేటప్పుడూ విడిపోయేటప్పుడూ చిన్న నిప్పురవ్వ పుడుతుంది. చీకట్లో పాత స్విచ్ వేస్తే సందులోంచి నీలంగా తళుక్కుమనడం చాలామంది చూసే ఉంటారు. ఆ రవ్వ చాలు. గాలిలో నూటికి రెండు పాళ్లు గ్యాస్ కలిసినా అంటుకుంటుంది.

పైగా ఈ గ్యాస్ గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. నీళ్లలాగా నేల మీద పరుచుకుంటూ గడప దాటి పక్క గదిలో మంచాల కిందికి చేరుతుంది. నిలబడ్డవాళ్ల ముక్కుకి సన్నగా తగిలిన వాసన, పాదాల దగ్గర చాలా దట్టంగా ఉండొచ్చు. "కొంచెమే కదా వస్తోంది" అనుకోవద్దు.

బాగా చదువుకున్నవాళ్లు కూడా చేసే తప్పు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయడం. వాసన పోతుందని వేస్తారు. ఫ్యాన్ ఉండేది పైన, గ్యాస్ ఉండేది కింద. ఆ కాస్త గ్యాస్‌ని అది లాగేలోపే స్విచ్‌లోనో మోటారులోనో రవ్వ లేస్తుంది. "కరెంటు లేదుగా" అని కూడా స్విచ్ నొక్కొద్దు, ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో అన్ని వేళలా కరెంటు ఉన్నట్టే. ఫ్రిజ్ అయితే మనం ముట్టుకోకపోయినా దానంతట అదే ఆన్ అవుతుంది, ఆఫ్ అవుతుంది. కాబట్టి వాసన దట్టంగా ఉన్న ఇంట్లో నిలబడి ఎక్కడినుంచి లీకవుతోందో వెతికే పని పెట్టుకోవద్దు.

తిరిగొచ్చిన రోజు

తాళం తీశాక గుమ్మంలోనే ఆగండి. పిల్లల్ని, సామాన్లని బయటే ఉంచి, కాస్త వంగి వాసన చూడండి. చెయ్యి అలవాటుగా లైటు స్విచ్ మీదకి పోతుంది, దాన్ని ఆపుకోవడమే అసలు జాగ్రత్త. వాసన సన్నగా ఉంటే తలుపులు, కిటికీలు బార్లా తెరిచి, చీకట్లోనే తడుముకుంటూ వెళ్లి రెగ్యులేటర్ ఆఫ్ చేసి వెంటనే బయటికి రండి. గుప్పుమంటే లోపలికి అడుగే పెట్టొద్దు. మీటరు బోర్డు ఇంటి బయట ఉండి, అక్కడ వాసన లేకపోతేనే మెయిన్ ఆపండి. ఫోన్ బయటికొచ్చి దూరం వెళ్లాకే తీయండి. గ్యాస్ లీకు ఫిర్యాదుకు 1906, రాత్రీ పగలూ పనిచేస్తుంది. మంటలుంటే 101. పక్కింటివాళ్లని తలుపు తట్టి పిలవండి, కాలింగ్ బెల్ కూడా స్విచ్చే.

ఊరెళ్లే రోజు

స్టవ్ నాబ్ తిప్పేసి తాళం వేస్తే సరిపోదు. రెగ్యులేటర్ తెరిచి ఉన్నంతసేపూ పైపు నిండా గ్యాస్ ఉంటుంది. ఎలుక కొరికినా, పైపు చివర చీలినా ఆ నాలుగు రోజులూ కారుతూనే ఉంటుంది. రెగ్యులేటర్ తీసేసి, బండతో పాటు వచ్చిన మూతని వాల్వ్ మీద బిగించి వెళ్లండి. దారంతో బండకు వేలాడే ఆ ప్లాస్టిక్ మూతని చాలామంది కోసి పారేస్తారు. బండ ఖాళీ అయ్యేదాకా అది ఉండాల్సిందే. వాల్వ్ కారుతుంటే అప్పటికప్పుడు ఆపేది అదొక్కటే.

తాళంచెవి పక్కింట్లో ఇచ్చి వెళ్తుంటే, స్విచ్ సంగతి వాళ్లకీ చెప్పి వెళ్లండి. మొక్కలకు నీళ్లు పోయడానికి వచ్చి మొదట వేసేది లైటే.

పిండివంటల రోజులు

అరిసెల పాకం పొంగితే మంట ఆరిపోతుంది, గ్యాస్ మాత్రం వస్తూనే ఉంటుంది. కంగారులో లైటర్ నొక్కొద్దు, ముందు నాబ్ కట్టేయండి. బర్నర్ తుడిచి, వాసన పూర్తిగా పోయాకే మళ్లీ వెలిగించండి. సకినాలకీ జంతికలకీ పెద్ద మూకుడు పెట్టినప్పుడు వేడంతా కిందికి తిరిగి నాబ్‌ల మీదకి, వెనక పైపు మీదకి కొడుతుంది. మధ్యమధ్యలో నాబ్ మీద చెయ్యి వేసి చూడండి. చురుక్కుమంటే కాసేపు ఆపండి. నూనె అంటుకుంటే స్టవ్ కట్టేసి, మూకుడు మీద మూత బోర్లించండి. నీళ్లు పోయొద్దు. నూనె ఎగిరి మంట మనిషి మీదకొస్తుంది.

పెరట్లో స్టవ్‌ని నేల మీద పెట్టి, పక్కనే బండ పెట్టి వండొద్దు. స్టవ్ ఎప్పుడూ బండ కంటే ఎత్తులో ఉండాలి.

మంట పసుపుపచ్చగా వస్తూ గిన్నెల అడుగులు మసిబారుతుంటే ముందు బర్నర్ చూడండి. కడిగి తడితో పెట్టారేమో, మూత సరిగ్గా కూర్చోలేదేమో, కన్నాల్లో పాలో పిండో గట్టిపడిందేమో. పాత టూత్ బ్రష్‌తో తోమి, పూర్తిగా ఆరాక పెట్టండి. చాలావరకు దాంతోనే నీలం మంట వస్తుంది. రాకపోతే లోపలి జెట్‌లో పిన్ను గుచ్చొద్దు, ఆ కన్నం వెంట్రుకవాసి పెరిగినా గ్యాస్ ఎక్కువ వచ్చి మంట అదుపు తప్పుతుంది. మెకానిక్‌ని పిలవండి. నాబ్ బిగుసుకుపోతే కొబ్బరినూనె పోసి పటకారుతో తిప్పడం కూడా వద్దు. అదీ మెకానిక్ పనే.

ఇంకొన్ని, అన్నీ ముఖ్యమైనవే:

లీకు చూడాలంటే సబ్బు నురగ రాయండి, బుడగలొస్తే లీకున్నట్టే. అగ్గిపుల్ల గీసి చూడొద్దు.

కొత్త బండ రాగానే డెలివరీ అబ్బాయి ఉండగానే మూత తీయించి, వాల్వ్ లోపల నల్ల రబ్బరు వాషర్ ఉందో లేదో చూడండి. లేకపోతే బండ తీసుకోవద్దు.

బండ మెడ దగ్గరి పట్టీ మీద టెస్ట్ తేదీ చూడండి. డి-28 అంటే 2028 డిసెంబర్ దాకా అని. ఎ మార్చి, బి జూన్, సి సెప్టెంబర్. గడువు దాటితే వెనక్కి పంపండి.

బండ మార్చేటప్పుడు దేవుడి దగ్గర దీపం కూడా వెలుగుతూ ఉండకూడదు. అగరుబత్తీ కూడా.

గ్యాస్ అయిపోవస్తోందని బండని పడుకోబెట్టొద్దు. వేడినీళ్లలో పెట్టొద్దు. ఊపొద్దు.

బండని తలుపులున్న అల్మరాలో బంధించొద్దు.

పైపుకి టేపు చుట్టొద్దు. గుడ్డ కప్పొద్దు. గోడలోంచి తీసుకెళ్లొద్దు.

బయటినుంచి వచ్చినవాళ్లు "గ్యాస్ వాసన వస్తోంది" అంటే నమ్మండి. ఇంట్లో ఉన్న ముక్కు ఆ వాసనకి అలవాటు పడిపోతుంది.

బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉంటే గాలి ఆడే సందు మూయొద్దు. మంట సరిగ్గా మండకపోతే వచ్చే విషవాయువుకి వాసనే ఉండదు.

మళ్లీ చెబుతున్నాను, వాసన వస్తే స్విచ్ ముట్టుకోవద్దు. ఇంట్లో పెద్దవాళ్లకి, పనమ్మాయికి, హాస్టల్ నుంచి వచ్చిన పిల్లలకి, అందరికీ విడివిడిగా చెప్పండి.

ఈ రోజే స్టవ్ పక్కకి జరిపి, పైపు మీద అచ్చేసిన తేదీ చూడండి. స్టవ్‌కి తగిలించిన చివరని వెలుతురులో వంచి చూడండి, మొదట బీటలు పడేది అక్కడే. సన్నటి గీత కనిపించినా, ఐదేళ్లు దాటినా, ఐఎస్ఐ గుర్తున్న కొత్త సురక్షా పైపు వేయించాకే పొయ్యి మీద మూకుడు పెట్టండి.