విశాఖ ఆర్కే బీచ్‌లో కూర్చుని వాటర్ కలర్ వేయాలంటే

పొద్దున్న ఆరింటికల్లా వచ్చేయండి. ఎనిమిది దాటితే తెల్ల కాగితం మీద ఎండ పడి కళ్లు చెదురుతాయి. కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) ఉన్న మందపాటిది తీసుకోండి. పల్చటిదైతే నీళ్లు తగలగానే అప్పడంలా వంకర తిరుగుతుంది. నాలుగు వైపులా టేపు వేసి అట్టకు అంటించండి.

ముందు పెన్సిల్‌తో సముద్రం, ఆకాశం కలిసే గీత. సరిగ్గా మధ్యలో వద్దు, బొమ్మ రెండు ముక్కలైనట్టుంటుంది. దక్షిణం వైపు డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపిస్తుంది. పచ్చటి కొండే కదా అని నేను చాలాకాలం ముదురు ఆకుపచ్చ పులిమేశాను. కొండ వచ్చి ఒళ్లో కూర్చున్నట్టుండేది. దూరపు కొండ లేత నీలంగా కనిపిస్తుంది. నీలంలో రవ్వంత ఎరుపు, బోలెడు నీళ్లు కలపండి.

ఆకాశానికి అట్టను కాస్త వాల్చి, పైనుంచి అడ్డంగా ఒక్కో పట్టీ లాగుతూ, ప్రతిసారీ నీళ్లు పెంచుతూ రండి. అంచున నిలిచిన రంగు నీటిని తర్వాతి పట్టీలో కలుపుకోవాలి. మధ్యలో ఫోన్ ఎత్తారో, మరక ఖాయం. మన ఉక్కపోతకి తడి ఓ పట్టాన ఆరదు. వేలి వెనకవైపుతో తాకి చూడండి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. ఈలోగా టీ తాగొచ్చు, కుంచె అందులో ముంచకుండా.

అలల నురగకు తెల్ల రంగు వాడకండి. అక్కడ రంగు వేయకుండా తెల్ల కాగితాన్నే వదిలేయండి.