సైన్స్ ఫెయిర్‌లో కంట్రోల్ రాడ్ నమూనా: పుల్ల గీసే ముందు

ఫిబ్రవరి 28న జాతీయ సైన్స్ దినోత్సవానికి అణు రియాక్టర్‌లోని గొలుసు చర్యను (ఒకటి మరోదాన్ని రగిలిస్తూ పోవడం), దాన్ని ఆపే కంట్రోల్ రాడ్‌ను అగ్గిపుల్లలతో చూపించాలనుకునే గుంటూరు, విజయవాడ పిల్లలకు, టీచర్లకు ఈ జాగ్రత్తలు.

షామియానా కింద వద్దే వద్దు. గాలి తగలని ఆరుబయట, పెద్దవాళ్లు పక్కన ఉండగానే వెలిగించండి. థర్మోకోల్‌లో పుల్లలు గుచ్చకండి. అది మండుతూ చుక్కలుగా కారి చర్మానికి అతుక్కుంటుంది. స్టీలు పళ్లెంలో అంగుళం మందాన తడి ఇసుక పోసి 30 పుల్లలు గుచ్చితే చాలు. పక్కన బకెట్ నీళ్లు పెట్టుకోవాలి, చున్నీ, జడ వెనక్కి కట్టుకోవాలి.

ముందు రాడ్ లేకుండా ఒకసారి వెలిగించి చూడండి. మంట ఒక వరుస నుంచి ఇంకో వరుసకు దూకకపోతే రాడ్ ఆపిందనడానికి అర్థం లేదు.

రాడ్‌ను చేత్తో దించొద్దు. ఇనుప మేకుకు ఎనామిల్ రాగి తీగ (మోటారు రివైండింగ్ షాపులో దొరుకుతుంది) 100 చుట్లు చుట్టి, బ్యాటరీ కలిపి, రాడ్‌గా డబ్బా రేకు పట్టీని ఆ మేకుకు వేలాడదీయండి. అల్యూమినియం రేకు అంటుకోదు. స్విచ్ ఆపగానే పట్టీ వరుసల మధ్య పడాలి. పడకపోతే కారణం రెండింటిలో ఒకటి: మేకులో మిగిలిన అయస్కాంతత్వం, లేదా పట్టీ జారే గాడి బిగుతుగా ఉండటం. మేకు కొసకు చిన్న కాగితం ముక్క అంటించండి, గాడిలో రెండు వైపులా 2 మిల్లీమీటర్ల సందు వదలండి. చుట్ట వేడెక్కుతుంది కాబట్టి అర నిమిషం మించి కరెంటు ఇవ్వకండి.

చాలా రియాక్టర్లలో ఏర్పాటు ఇదే. కరెంటు పోతే పట్టు వదులుతుంది, రాడ్ తన బరువుతోనే లోపలికి పడుతుంది. 1961 జనవరి 3న అమెరికాలోని ఎస్‌ఎల్-1 రియాక్టర్‌లో, సుమారు 10 సెంటీమీటర్లు ఎత్తాల్సిన మధ్య రాడ్‌ను చేత్తో 50 సెంటీమీటర్ల దాకా లాగేశారు. చర్య ఒక్కసారిగా అదుపు తప్పి ముగ్గురు చనిపోయారు.

చూడవచ్చినవాళ్లకు 'రాడ్ మంట ఆర్పుతుంది' అని చెప్పొద్దు. యురేనియం-235 ఒక్కో విచ్ఛిత్తిలో (కేంద్రకం చీలినప్పుడు) రెండు మూడు న్యూట్రాన్లు అనే కణాలు వదులుతుంది. వాటిలో సగటున ఒక్కటే మరో విచ్ఛిత్తికి దారితీసేలా, మిగతా వాటిలో కొన్నిటిని రాడ్‌లోని బోరాన్ లేదా కాడ్మియం మింగేస్తుంది. చర్య ఆగినా వేడి ఆగదు. ఆపిన క్షణంలో, రియాక్టర్ పూర్తిగా నడిచినప్పటి వేడిలో ఇంకా ఆరేడు శాతం పుడుతూనే ఉంటుంది. 2011 మార్చి 11న జపాన్‌లోని ఫుకుషిమాలో నడుస్తున్న రియాక్టర్లలో రాడ్‌లు సరిగ్గానే వెళ్లాయి, ఆ మిగులు వేడిని తీసే ఏర్పాటే సునామీకి పోయింది.

మీ పళ్లెంలోనూ అంతే. మంట పోయాక పుల్లల మీద నీళ్లు పోసి, రేకు పూర్తిగా చల్లారాకే ముట్టుకోండి. పుల్లలను కాగితాల చెత్తబుట్టలో వేయకండి.