అడవికి భుజాన సంచి – 3వ పాఠం: వచ్చేటప్పటి బరువు

గత పాఠంలో వేటకు వెంట తీసుకెళ్లే సామానంతా తూచి చీటీ మీద రాసుకోమన్నాం. ఆ చీటీ ముందు పెట్టుకోండి. అది లేకుండా బ్యాగు కొనబోతే రంగు చూసి, జేబులు లెక్కపెట్టి కొనుక్కొస్తారు.

చాలామంది చీటీలో ఒక అంకె ఉండదు: తిరుగు ప్రయాణపు బరువు. పగటి వేటకు నీళ్లు 2 లీటర్లు, తిండి, వాన కోటు, ఒక వెచ్చని చొక్కా, కత్తి, టార్చి, మందుల డబ్బా, తాడు, మాంసం సంచులు. అన్నీ కలిపినా 6 నుంచి 8 కిలోలు. దీనికి 25 లీటర్ల మెత్తటి బ్యాగు చాలు. కానీ వేట దొరికితే? 60 కిలోల జింకను కోసి ఎముకలు తీసేస్తే సుమారు 20 కిలోల మాంసం తేలుతుంది. పొద్దున 7 కిలోలు మోసిన బ్యాగే సాయంత్రం 27 మోయాలి. ఫ్రేము, అంటే వీపు వెంట గట్టి చట్రం, లేని బ్యాగులో ఆ బరువు గోనెసంచిలో ఇసుకలా కిందికి దిగి, నడుం వెనక ముద్దకట్టి, మనిషిని వెనక్కి లాగుతుంది. నడుం పట్టీ పేరుకే ఉంటుంది. మోసేవి భుజాలే. కాసేపటికి వేళ్లు తిమ్మిరెక్కుతాయి.

కాబట్టి లీటర్లు వెళ్లేటప్పటి సామానును బట్టి, ఫ్రేము వచ్చేటప్పటి బరువును బట్టి ఎంచుకోండి.

లీటర్ల సంగతి త్వరగా తేల్చేద్దాం. పగటికి 25–35. ఒక రాత్రి బసకు 45–60. చలికాలమైతే పై అంకె వైపు మొగ్గండి, ఎందుకంటే చోటంతా తినేసేది స్లీపింగ్ బ్యాగే. రెంటికీ ఒకటే కొనాలనుకుంటే 50 లీటర్లది, పక్కల రెండేసి బిగింపు పట్టీలున్నది చూడండి. పగటి వేటకు పట్టీలు లాగేస్తే సన్నబడుతుంది, లోపల సామాను దొర్లదు. బయటి జేబులను కూడా లీటర్లలో కలిపి చెప్పే తయారీదార్లు ఉన్నారు. అందుకే మీ స్లీపింగ్ బ్యాగు దుకాణానికి పట్టుకెళ్లి, లోపల కుక్కి చూడండి. మొహమాటం వద్దు.

ఫ్రేము రెండు రకాలు. లోపలి ఫ్రేములో అల్యూమినియం కమ్మీలు గానీ, ప్లాస్టిక్ పలక గానీ వీపు వెంట ఉంటాయి. ఒంటికి అతుక్కుంటుంది కాబట్టి పొదల్లో దూరడానికి ఇదే మేలు. బయటి ఫ్రేము ఎక్కువ బరువును తేలిగ్గా మోయిస్తుంది గానీ తల పైకి లేచిన కొస ప్రతి కొమ్మకూ తగులుకుంటుంది. ఈ రెంటికీ మధ్య, బ్యాగును ఫ్రేము నుంచి కాస్త విడదీసి ఆ సందులో మాంసం కట్టే ఏర్పాటున్నవి దొరుకుతాయి. వేటకు మా ఓటు వీటికే. బరువు వెన్నుకు ఆనుకుని ఉంటుంది, రక్తం పక్కబట్టలకు అంటదు. వేడి తగ్గని మాంసాన్ని మాత్రం ప్లాస్టిక్ సంచిలో మూటకట్టకండి. వేడి లోపలే ఉండిపోయి తొందరగా పాడవుతుంది. గాలి ఆడే నూలు సంచిలో వేసి, నీడన చల్లార్చాకే బ్యాగుకెక్కించండి. కొమ్ములున్న తలను వీపున కట్టుకుంటే దానిమీద నారింజ రంగు గుడ్డ చుట్టాలి. దూరం నుంచి ఇంకో వేటగాడి కంటికి పొదల్లో కదిలేవి కొమ్ములే.

ఇక వీపు కొలత. బ్యాగులు బెడిసికొట్టేది ఎక్కువగా ఇక్కడే. మనిషి పొడవును బట్టి దీన్ని చెప్పలేం. ఆరడుగుల మనిషికి పొట్టి వీపు ఉండొచ్చు. తల ముందుకు వంచితే మెడ మొదట్లో ఒక ఎముక పైకి తేలుతుంది, అది పై గుర్తు. రెండు చేతులూ నడుం మీద, తుంటి ఎముకల పై అంచున ఆనించి, బొటనవేళ్లు వెనక్కి చాపండి. వాటి మధ్య గీత కింది గుర్తు. ఈ రెంటి మధ్య దూరాన్ని వెన్ను వంపు వెంట ఇంకొకరి చేత టేపుతో కొలిపించుకోండి. ఆ సెంటీమీటర్లకు సరిపోయే సైజే మీది.

తొడిగేటప్పుడు పట్టీలన్నీ వదులు చేయండి. ముందు నడుం పట్టీ: దాని మెత్త మధ్యభాగం తుంటి ఎముక అంచు మీద కూర్చోవాలి, పొట్ట మీద కాదు. తర్వాత భుజాలవి. ఆపైన భుజం మీంచి బ్యాగు పైకొసకు వెళ్లే చిన్న పట్టీలు. చివర్న ఛాతీ పట్టీ, ఊపిరి ఆడేంత వదులుగా. ఇప్పుడు తప్పులు వెతకండి. ఆ చిన్న పట్టీలు సుమారు 45 డిగ్రీల వాలుగా పైకి వెళ్లాలి. అడ్డంగానో, కిందికో ఉంటే బ్యాగు మీకు పొట్టి. భుజానికీ పట్టీకీ మధ్య సందు కనిపిస్తే పొడుగు. నడుం పట్టీ మెత్తలు పొట్ట ముందు ఒకదానికొకటి తగిలితే అది ఇక బిగియదు, నడిచేకొద్దీ జారుతుంది.

గుడ్డను గోటితో గీకి చూడండి. కరకరమన్న శబ్దం ముళ్లపొదలో రెట్టింపవుతుంది, జింక చెవికి అది చాలు. వెల్క్రో మూతలూ అంతే. 500 డెనియర్ (దారం మందానికి కొలత) నైలాన్ చాలామందికి సరిపోతుంది. 1000 గట్టిదే గానీ బరువు. ఒకే పొడవాటి జిప్పు మీద ఆధారపడ్డ బ్యాగుకు మట్టి చేరి పళ్లు వదిలేస్తే దారిలో మరమ్మతు కష్టం. పైన తాడు బిగించి మూతేసే రకం మొండిది. నడుం పట్టీ బకిల్ వెడల్పు కొలిచి, అదే కొలతది ఒకటి అదనంగా ఉంచుకోండి. కాలికింద పడి పగిలేది అదే.

వాన తొడుగును ముళ్లు చింపుతాయి, వీపు వైపు నీళ్లను అది ఎలాగూ ఆపదు. బ్యాగు లోపలే మందపాటి ప్లాస్టిక్ సంచి పరిచి, సామాను అందులో పెట్టి, మూతి మెలితిప్పండి.

ఈ వారం అభ్యాసం: లీటరు నీళ్ల సీసాలు 10 దుప్పట్లో చుట్టి బ్యాగులో పెట్టి, 40 నిమిషాలు మెట్లెక్కి దిగండి. మర్నాడు 20 సీసాలతో అదే పని. విప్పాక అద్దంలో చూసుకోండి. ఎర్రటి గుర్తులు తుంటి మీదుంటే సరే, భుజాల మీదే ఉంటే నడుం పట్టీ పనిచేయడం లేదు. తర్వాత బ్యాగు మళ్లీ తగిలించుకుని, ఖాళీ తుపాకిని, ఖాళీ అని రెండుసార్లు చూసుకున్నాకే, సురక్షితమైన దిక్కుకు ఎత్తి గురి పట్టండి. తుపాకి బట్టు (భుజానికి ఆనించే వెనక కొస) ఆనే చోటికి భుజం పట్టీ మెత్త అడ్డొస్తోందా? బోర్లా పడుకుని తలెత్తితే బ్యాగు మూత తలకు కొట్టుకుంటోందా? రెండు జవాబులూ చీటీ వెనక రాసిపెట్టండి. వచ్చే పాఠంలో సామాను సర్దే వరుస వాటితోనే మొదలవుతుంది.